సడ్డకుని కరెంటు కారులో కోస్గి దాకా

కోస్గి నుంచి తిరిగొచ్చి నెల దాటింది. ఇప్పటికీ మా ఉప్పల్ సందులో ఎవరో ఒకరు నన్ను ఆపి అడుగుతూనే ఉన్నారు, కోట్ల రూపాయల కారులో మూడు రోజులు తిరిగావట గదా, ఎట్లా ఉందని. బాగుందని చెప్పి తప్పించుకుంటున్నాను. నిజానికి ఆ మూడు రోజులూ నా కడుపు మండుతూనే ఉంది. మే నెల ఎండకు కాదు, కుళ్లుతో. ఆ మంట సంగతి దాచి దారి సంగతి ఒక్కటే రాస్తే సగం రాసినట్టు అవుతుంది. నల్లగొండ, పాలమూరు వైపు ఎప్పుడూ పోని వాళ్లకు దారి తెలుస్తుంది, నన్ను ఎరిగిన వాళ్లకు నేను తెలుస్తాను. అందుకని, అప్పుడప్పుడు పత్రికకు రాసే అలవాటుతో, రెండూ కలిపే రాస్తున్నాను.

మాది ఆలేరు. మా నాయిన మగ్గం నేసేవాడు. నేను మగ్గం వదిలి గ్యారేజీలో చేరాను. పందొమ్మిదేళ్లుగా హైదరాబాదులో ఒక విదేశీ స్పోర్ట్స్ కార్ల కంపెనీ వర్క్‌షాపులో ఇంజిన్ మెకానిక్‌ని. కంపెనీ పేరు రాయను, ఇంకా అక్కడే పనిచేస్తున్నాను. కారు గేటు దాటి లోపలికి వస్తుంటే లేచి చూడకుండానే ఏ సిలిండరు మొరాయిస్తోందో చెప్పేవాణ్ణి. ఓనర్లు మేనేజరును కాకుండా నన్ను వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. ఆ గర్వం నాకు బాగానే ఉండేది.

నిరుడు కంపెనీ నుంచి కాగితం వచ్చింది. ఇకమీదట తయారుచేసే కొత్త కార్లన్నీ కరెంటువేనట. ఇంజిన్ పని మెల్లమెల్లగా తగ్గిస్తారట. కొత్త పని నేర్చుకోవడానికి మొదటి విడతలో మా వర్క్‌షాపు నుంచి ఒకణ్ణి విదేశం పంపారు. ఆ ఒక్కడూ శీను.

శీను నా సడ్డకుడు. కోస్తా వాళ్లు తోడల్లుడంటారు. మా ఆవిడ పద్మ చెల్లెలు లలితను చేసుకున్నాడు. వాణ్ణి ఆ వర్క్‌షాపులో కార్లు కడగడానికి పెట్టించింది నేనే. పానా పట్టుకోవడం నేర్పింది నేనే. వాడు ఆరు నెలలు విదేశంలో ఉండి వచ్చి మెడలో కొత్త బిళ్ల వేసుకుని తిరుగుతుంటే, నేను వాడి వెనక నుంచి ఆ బిళ్లనే చూసేవాణ్ణి.

రెండో విడతకు ఇంకొక్క సీటు ఉంది. అది నాకు రాకపోతే పాత ఇంజిన్లతో పాటు నేనూ మూలకు చేరినట్టే. కొత్త కారును ఎండాకాలం రోడ్ల మీద మూడు రోజులు తిప్పి చూడాలని మా మేనేజరు సారు శీనుకు చెప్పాడు. నా గురించి చెబుతూ, మల్లేశాన్ని కూడా తీసుకుపో, ఈ పని అతనికి పట్టుబడుతుందో లేదో చూసి నాకు చెప్పు అన్నాడట. ఆ మాట శీనే నాతో సంతోషంగా చెప్పాడు. పానా పట్టడం నేర్పినవాడికి వాడు పరీక్ష పెట్టేవాడయ్యాడు.

నేనూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఆ కారు మాన్యువల్ ఫోనులో ఎక్కించుకుని రోజూ బస్సులో పోతూ వస్తూ చదివాను. ఇంగ్లీషు అర్థం కానిచోట బొమ్మలు చూశాను. రెండుసార్లు మొదటి నుంచి చివరిదాకా అయింది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, శీనుకు అసలే చెప్పలేదు. వాడి ముందు విద్యార్థిలా కనపడటం నాకు చచ్చేంత నామోషీ.

చిట్యాల

తెల్లవారుతుండగా బయలుదేరాం. స్టీరింగు శీను పట్టుకున్నాడు.

"అన్నా, గీ పొద్దు నేను నడుపుత. రేపు నీకిస్త" అన్నాడు.

సరే అన్నాను. కారు కదిలింది, చప్పుడు మాత్రం లేదు. నా చెవి ఇంజిన్ కోసం వెతుకుతూనే ఉంది. చౌటుప్పల్ దాటేదాకా ఏదో చెడిపోయిందన్న అనుమానం నన్ను వదల్లేదు.

విజయవాడ హైవే మీద చిట్యాల దగ్గర ఆగాం. ప్రతి మజిలీలో బ్యాటరీ ఎంత వేడెక్కిందో ట్యాబులో రాసుకోవాలట. రోడ్డు పక్కన ఒకామె గంప పెట్టుకుని తాటి ముంజలు కొడుతోంది. డజను నూటిరవై అంది. ఉప్పల్‌లో అయితే నూట యాభైకి తక్కువ ఇవ్వరు, పైగా సగం ముదురువి అంటగడతారు. ఈమెవి మాత్రం లేతవి, వేలు పెడితే నీళ్లు చిమ్ముతున్నాయి. నా చొక్కా ముందు భాగమంతా తడిసింది.

కారు చుట్టూ జనం మూగారు. తలకు తువ్వాలు చుట్టుకున్న ముసలాయన ఒకడు ముందుకొచ్చాడు.

"ఇంజిన్ యాడున్నదే? జర తీసి చూపియ్యిండ్రి" అన్నాడు.

శీను ముందు డిక్కీ ఎత్తాడు. లోపల మా రెండు బ్యాగులు, పద్మ కట్టిచ్చిన పులిహోర గిన్నె ఉన్నాయి. ఇంకేమీ లేదు.

"ఏంది బిడ్డా! గిన్ని పైసలు పెట్టి కొన్న బండిల ఇంజిన్ పెట్టలేదా? సద్ది గిన్నె పెట్టిచ్చిండ్రా?"

జనమంతా విరగబడి నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. ఎన్నో రోజుల తర్వాత కడుపులో కాస్త చల్లగా అనిపించింది. అయితే శీను కూడా మాతో కలిసి నవ్వాడు. మోటరు కింద ఉంటుందని చెప్పి, ఆ ముసలాయన్ను కూర్చోబెట్టి, కిందికి వంగి చూపించాడు. వాడికి కోపం రాదు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

ముంజలామె నావైపు తిరిగి, "నువ్వు గీ సారు కింద పనిచేస్తవా?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపే శీను, "లేదమ్మా, మా అన్న ఈయన. నాకు పని నేర్పిందే ఈయన" అన్నాడు.

ఆమె మెచ్చుకోలుగా తల ఊపి కొసరుగా రెండు ముంజలు వేసింది. వాడి ఆకులో.

నల్లగొండ, దేవరకొండ దారి

నల్లగొండలో నిమ్మకాయలు కొనకుండా ముందుకు పోవడం నాకు చేతకాదు. ఈ జిల్లా నిమ్మకాయలో ఉన్న రసం ఇంకెక్కడా చూడలేదు. ఎండాకాలం కనుక ధర మండుతోంది, అయినా పెద్ద సంచి నిండా కొన్నాను. మరుసటి రోజు రాత్రి కోస్గిలో అత్తగారింట్లో మా మకాం. శీను ఉత్త చేతులతో వస్తున్నాడు, పెద్దల్లుడు మాత్రం సంచితో వచ్చాడని అత్త అనుకోవాలని నా ఆశ.

దేవరకొండ దారిలో ఎర్రమట్టి చెలకలు, నల్లటి బండరాళ్ల గుట్టలు, మధ్యలో అక్కడక్కడ బత్తాయి తోటలు. మా ఆలేరు వైపు చెరువు కింద వరి కనపడుతుంది, ఇక్కడ ఎటు చూసినా బోరు బండ్లే. ఒక మలుపులో గొర్రెల మంద రోడ్డంతా పరుచుకుని నిలబడింది. మా కారు రావడం వాటికి వినపడలేదు. ఒక గొర్రె వచ్చి కారు మూతికి ఒళ్లు రుద్దుకోవడం మొదలుపెట్టింది.

ఇలాంటప్పుడు వాడుకోవడానికి ఇందులో ఒక బటన్ ఉంది. నొక్కితే బయటి స్పీకర్లలోంచి పాత ఇంజిన్ శబ్దం వస్తుంది. శీను నొక్కాడు. నేను ఉలిక్కిపడ్డాను. నా చేతుల మీదుగా వందసార్లు పోయిన ఇంజిన్ అది.

"శీనూ, ఆరో సిలిండర్ సరిగ కొడ్తలేదు" అన్నాను.

వాడు నవ్వాపుకోలేక, "అన్నా, గది పాట లెక్క రికార్డు చేసింది" అన్నాడు. తర్వాత ట్యాబు తీసి ఏదో రాశాడు. ఏం రాశాడో అడగడానికి నాకు మొహం చెల్లలేదు. మల్లేశం స్పీకరును రిపేరు చేయబోయాడు అని రాసి ఉంటాడని అనుకున్నాను.

గొర్ల కాపరి కర్ర ఊపుతూ వచ్చాడు. "గీ సప్పుడుకు జరగవు సారూ. దిగి తోలుండ్రి" అన్నాడు. దిగి ఇద్దరం హుష్ హుష్ అని తోలాం. పెంటికలో కాలు వేసింది నేను. సీసాలో నీళ్లు తెచ్చి చెప్పు కడిగింది శీను. వద్దంటున్నా వినడు. పాత రోజుల్లో నా బూట్లకు గ్రీజు అంటితే ఇలాగే తుడిచేవాడు, అప్పుడది నాకు బాగానే ఉండేది.

ఆ సాయంత్రం దేవరకొండలో లాడ్జి యజమాని తన ఇంటిల్లిపాదినీ పిలిచి కారు ముందు నిలబెట్టాడు. మధ్యలో శీను. యజమాని తన ఫోను తెచ్చి నా చేతిలో పెట్టి, "అన్నా, జర తియ్యరాదే" అన్నాడు. పదకొండు ఫోటోలు తీశాను. ఒక్కదాంట్లోనూ నేను లేను.

కల్వకుర్తి

రెండో రోజు ఎండ ఇంకా ఎక్కువైంది. ఏసీ ఆపకుండా నడపడంతో అనుకున్నదానికంటే ముందే చార్జింగ్ తగ్గిపోయింది. కల్వకుర్తిలో చార్జింగ్ ఉంటుందన్న చోట పెట్టె ఉంది గాని అందులో కరెంటు లేదు. జడ్చర్ల దాకా చేరేలా లేం. నాకు లోలోపల ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

శీను కంగారుపడలేదు. ఎవరినో అడిగి త్రీ ఫేజు లైను ఉన్న షాపు వెతికాడు. అది యాదయ్య అనే ఆయన మోటర్ వైండింగ్ షాపు. ఈ వైపు బోర్లు ఎంత లోతుకు పోతే మోటర్లు అంత తొందరగా కాలుతాయి. గడప ముందు కాలిన మోటర్లు పదిహేను దాకా వరసలో ఉన్నాయి. వాటి పక్కన రైతులు బీడీలు కాలుస్తూ కూర్చున్నారు. మా వర్క్‌షాపులో ఓనరుకు ఏసీ గదిలో కాఫీ ఇచ్చి కారు సాయంత్రం పంపుతామంటే అరుస్తాడు. ఇక్కడ పొలం ఎండుతున్న రైతు తన వంతు వచ్చేదాకా నోరెత్తడు.

యాదయ్యకు యాభై ఐదేళ్లుంటాయి. వేళ్లన్నీ రాగి తీగ కోసిన గీతలే. లైను ఇస్తానన్నాడు గాని పైసలు వద్దన్నాడు.

"పైసలేం జేస్కుంట గని, గీ బండి మోటర్ సంగతి జర చెప్పు బిడ్డా" అన్నాడు.

కారు చార్జింగ్ అయ్యేదాకా రెండు గంటలూ అడుగుతూనే ఉన్నాడు. మోటరు వేడెక్కితే దేనితో చల్లబరుస్తారు, నీళ్లా, నూనెనా? తీగ గుండ్రమా, పలకనా? బ్రేకు కొడితే కరెంటు వెనక్కి ఎట్లా పోతుంది? శీను నేలమీద సుద్దముక్కతో బొమ్మ గీసి చెప్పాడు. ఆ జవాబుల్లో చాలావరకు నాకూ తెలుసు. మాన్యువల్‌లో నలభయ్యో పేజీ నుంచి ఉన్నవే. నేను గోడకు ఆనుకుని, తెలియనివాడిలా, వినని వాడిలా కూర్చున్నాను.

"మా మోటర్ ఎప్పటికీ నీళ్లల్లనే ఉంటది. అయినా కాల్తది" అని యాదయ్య పగలబడి నవ్వాడు. "నా జిందగీల గీ పని వస్తదో రాదో గని, తెల్సుకుంటే ఏం పోతది!"

ఆ వయసులో, ఆ చేతులతో, ఏ సీటూ రాని మనిషి అంత సంతోషంగా అడుగుతుంటే నాకు ఆయన మీద కూడా కుళ్లు పుట్టింది.

ఆయన తన సద్ది విప్పి మాకూ పెట్టాడు. గట్టి మజ్జిగ కలిపిన జొన్న అంబలి, నంజుకోవడానికి ఉల్లిగడ్డ, పచ్చిమిరప. తింటుంటే శీను మెల్లగా నా పక్కకు జరిగాడు.

"అన్నా, నీకేమన్న అడగాల్నని ఉన్నదా?"

"అడగనీకి ఏమున్నది?" అన్నాను.

వాడు లేచి చెయ్యి కడుక్కుని వచ్చాడు. అక్కడి నుంచి స్టీరింగు నాకిచ్చాడు. జడ్చర్ల దారి తిన్నగా, ఖాళీగా ఉంది. కాలు నొక్కాను. వీపు సీటుకు అతుక్కుపోయింది. పందొమ్మిదేళ్లలో ఏ ఇంజిన్ నన్ను అట్లా తోయలేదు. గట్టిగా కేక వేయాలనిపించింది. పళ్లు బిగపట్టి మొహం కదలకుండా చూసుకున్నాను.

"ఎట్లున్నదన్నా?"

"ఏమున్నది. మోటర్ పెట్టిన సైకిల్ లెక్కున్నది" అన్నాను.

అంత పెద్ద అబద్ధం నా జన్మలో ఆడలేదు. శీను కిటికీ వైపు తిరిగి చాలాసేపు చెలకలు చూశాడు.

కోస్గి

మా అత్తగారింట్లో ఒక పద్ధతి ఉంది. అల్లుళ్లు వచ్చినరోజు నాటుకోడి కోస్తారు, కందనకాయ పెద్దల్లుడి కంచంలో పడుతుంది. నా పెళ్లయి ఇరవై ఏళ్లు. ఇరవై ఏళ్లుగా ఆ కందనకాయ నాదే. శీను దానివైపు చూసేవాడు కూడా కాదు.

ఆ సాయంత్రం కారు చుట్టూ సగం కోస్గి ఉంది. మా అత్త సాయమ్మ ముఖం వెలిగిపోతోంది. చిన్నల్లుడి చేయి పట్టుకుని వచ్చినవాళ్లందరికీ చూపిస్తోంది. నా నిమ్మకాయల సంచిని, "ఆడ పెట్టు పెద్దల్లుడా" అని మూలకు చూపించింది. కూర్చున్నాం. జొన్నరొట్టెలు, కందిపప్పు, కోడికూర. మా ఆలేరులో పండుగకు అన్నం గొప్ప, ఇక్కడ రొట్టె లేకపోతే పెట్టినట్టే కాదు. అత్త గరిటె పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. మెడ ముక్క వేసింది. పక్కకు జరిగి కందనకాయ శీను కంచంలో వేసింది.

శీను వెంటనే దాన్ని తీసి నా కంచంలో వేయబోయాడు.

"ఉండనియ్యి, తిను" అన్నాను. నా గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. అత్త మా ఇద్దరి వంకా చూసి లోపలికి పోయింది. నలభై ఎనిమిదేళ్ల మగాడు కోడి కందనకాయ కోసం అంత బాధపడతాడని రాయాలంటే సిగ్గేస్తోంది. కాని పడ్డాను.

తెల్లవారి బయలుదేరే ముందు కారుకు పూజ. అత్త కడవతో నీళ్లు చల్లి, కొబ్బరికాయ కొట్టి, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది. అవి నా సంచిలోవే. శీను ఇంట్లో బ్యాగులు సర్దుతున్నాడు. పసుపు నూనెలో ముద్దగా కలిపిన గిన్నె పట్టుకుని అత్త కారు ముందు నిలబడి అయోమయంగా చూసింది.

"బొట్టు ఇంజిన్‌కు పెడ్తం కద. దీనికి యాడ పెట్టాలె పెద్దల్లుడా?"

కారు ముక్కు దగ్గర అరచేతి అంత నల్ల అద్దం ఉంటుంది. దాని వెనక కారుకు దారి చూపే కన్ను, అంటే కెమెరా. ఆ అద్దం మూసుకుపోతే ఈ పరీక్ష బండి నలభై కిలోమీటర్ల వేగం దాటదు. మాన్యువల్‌లో ఎర్రటి పెట్టె గీసి మరీ రాశారు. అత్త ఆ అద్దం వైపే వేలు చూపింది.

"గిదే మొకం లెక్కున్నది. గీడ పెట్టొచ్చా?"

"ఆ, పెట్టు అత్తమ్మా" అన్నాను.

మూడు వేళ్లతో పసుపు అడ్డంగా పూసి, మధ్యలో రూపాయి బిళ్లంత కుంకుమ పెట్టింది. తర్వాత రెండు చేతులతో కారుకు దిష్టి తీసి కణతల మీద మెటికలు విరిచింది. దిష్టి పెట్టినవాడు ఆమె పక్కనే నిలబడి ఉన్నాడు.

పాలమూరు దారి

శీను నడిపాడు. ఊరు దాటగానే పసుపు లైటు వెలిగింది. కారు నలభై దాటలేదు. వాడు ఆపి ట్యాబు తీసి చూశాడు, దిగి చుట్టూ తిరిగాడు. బొట్టు చూశాడు, దండం పెట్టుకుని మళ్లీ ఎక్కాడు. అత్త చేత్తో పెట్టిన బొట్టును చెరిపేంత ధైర్యం మా వైపు ఏ అల్లుడికీ ఉండదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

"అన్నా, నీకేమన్న సమజైతాందా?"

"నాకేం తెల్సు తమ్మీ, నేను ఇంజిన్ మెకానిక్‌ని" అన్నాను.

ట్రాక్టరు మమ్మల్ని దాటిపోయింది. పుచ్చకాయలేసుకున్న ఆటో దాటిపోయింది. ఆర్టీసీ బస్సు కిటికీల్లోంచి జనం తలలు బయటపెట్టి నవ్వారు. పది గంటలకల్లా మహబూబ్‌నగర్ చేరి సారుకు ఫోను చేయాలి. శీను మెడ వెనక చెమట చొక్కాలోకి కారుతోంది. నేను సీటు కొంచెం వెనక్కి వాల్చుకుని గుట్టలు చూస్తూ కూర్చున్నాను. ఈ మూడు రోజుల్లో నేను నిజంగా ప్రయాణాన్ని ఆనందించింది ఆ దారిలోనే. ఆ ఎండలో మోదుగ చెట్లు కూడా నాకు అందంగా కనిపించాయి.

రెండోసారి ఆపాడు. మళ్లీ అడిగాడు. నేను మళ్లీ అదే చెప్పాను.

హన్వాడ దగ్గర వేపచెట్టు కింద మూడోసారి ఆపాడు. ఈసారి ట్యాబు తెచ్చి నా ఒళ్లో పెట్టాడు.

"నువ్వు చూడరాదే అన్నా. తీరిగ్గ చూడు. తొందరేం లేదు."

మూడు రోజుల్లో ఆ ట్యాబు మొదటిసారి నా చేతికొచ్చింది. తెర మీద కారు బొమ్మ ఉంది, బొమ్మలో ముక్కు దగ్గర ఎర్రచుక్క వెలిగి ఆరుతోంది. చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది. నేను కాసేపు చూసి వెనక్కిచ్చేశాను.

"నాకేం సమజ్ కాలె."

వాడు నన్ను చూసిన చూపు నాకు అర్థం కాలేదు. కోపం కాదు. సరే అని కారెక్కాడు.

మహబూబ్‌నగర్

పదకొండు దాటాక చేరాం. ఆ లోపు సారు రెండుసార్లు ఫోను చేశాడు. అర్ధగంటలో చెబుతానని శీను పెట్టేశాడు. చార్జింగ్ తగిలించి కారు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. బొటనవేలితో అద్దం మీది కుంకుమ జాగ్రత్తగా తీసి తన నుదుటన పెట్టుకున్నాడు. మిగిలింది తీసి లేచి వచ్చి నా నుదుటన పెట్టాడు. తర్వాత చేతిరుమాలు తడిపి అద్దాన్ని ఒక్క తుడుపు తుడిచాడు. లోపల పసుపు లైటు ఆరిపోయింది.



"నీకు ముందే తెల్సా?" అన్నాను.

"కోస్గి దాటంగనే తెల్సింది." వాడు రుమాలు పిండుతున్నాడు. "ఏదన్న చిన్న ఫాల్ట్ పెట్టి, మల్లేశం పట్టుకుంటడో లేదో చూడమని సారు చెప్పిండు. నీకు ఫాల్ట్ పెట్టనీకి నాకు చెయ్యి రాలె అన్నా. రెండు రోజులు ఊకున్న. ఇయ్యాల అత్తమ్మనే పెట్టింది. మంచిగైంది, గింత అల్కటిది అన్న చిటికెల చెప్తడు, సారుకు ఫోన్ చేస్త అనుకున్న. గందుకే మూడుసార్లు ఆపిన."

వాడు రుమాలు జేబులో పెట్టుకుని నావైపు తిరిగాడు.

"ఒక్క మాట చెప్పు అన్నా. నీకు నిజంగ తెల్వదా?"

తెలుసంటే సీటు నాది. పేజీ నంబరుతో సహా చెప్పగలను. కాని తెలుసంటే, వాడు మూడుచోట్ల ఎండలో చెమటలు కక్కుతుంటే పక్కన కూర్చుని సంబరపడ్డానని కూడా చెప్పినట్టే. ఆ అద్దం మీద చేయి పెట్టించింది నేనేనని చెప్పినట్టే. చేతకాని వాడిగా మిగలాలా, నీచుడిగా మిగలాలా? ఎంచుకోవడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు.

"తెల్వదు శీనూ" అన్నాను.

వాడు తలూపి ఫోను తీశాడు. నా ముందే మాట్లాడాడు. "సార్, ఇంజిన్ పనిల మా అన్నను మించినోడు లేడు సార్. గీ పనికి... ఇంకా జర టైం పడ్తది." చెబుతున్నంతసేపూ నేల చూస్తూ ఉన్నాడు. అబద్ధం చెప్పలేదు. నేను చెప్పిందే చెప్పాడు.

తిరుగు దారిలో జడ్చర్ల దగ్గర చెరకు రసం తాగాం, గ్లాసు ముప్పై రూపాయలు. మిగతా దారి గురించి రాయడానికి ఏమీ గుర్తు లేదు.

ఉప్పల్

సీటు మా స్పేర్ పార్ట్స్ కౌంటర్లో కూర్చునే సుజాతకు వచ్చింది. పోయిన వారమే విమానమెక్కింది. పోయే ముందు నా దగ్గరికొచ్చి, అన్నా దీవించు అని కాళ్లకు మొక్కింది. ఈ వారం నా దగ్గరికి వచ్చిన పాత కార్లు రెండు. శీను రోజూ మధ్యాహ్నం టీ తెచ్చి నా పక్కనే కూర్చుని తాగుతాడు. ఆ ప్రయాణం మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. వచ్చే ఏడాది ఇంకో విడత ఉండొచ్చు అన్నా, ఇప్పటి నుంచే కొంచెం కొంచెం నేర్పుతా అంటాడు. నేను తలూపుతాను.

వాడు పత్రికలు చదవడు. పద్మ చదువుతుంది. నాది ఏది అచ్చయినా లలితకు ఫోను చేసి మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివి వినిపించడం ఆమెకు అలవాటు. లలిత స్పీకరు ఆన్ చేసి వంట చేసుకుంటూ వింటుంది. ఆ వేళకు శీను ఇంట్లోనే ఉంటాడు, అన్నం తింటూ ఉంటాడు.

శీనూ, ముద్ద దించు. నాకు తెలుసు. నువ్వు మొదటిసారి కారు ఆపకముందే తెలుసు. అత్తమ్మ అడిగితే అక్కడే పెట్టమన్నది నేనే.